చేబ్రోలు పక్కన ఎఫ్రాయిము సంతానం

గుంటూరు నుంచి పొన్నూరు దారి పడితే చేబ్రోలు తగులుతుంది. చతుర్ముఖ బ్రహ్మ గుడికి పేరుపడ్డ ఊరది. ఆ మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, వెలిసింది. కట్టుకున్నవాళ్లు తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలవాళ్లు. తమను ‘బెనె ఎఫ్రాయిమ్’ అని, ఎఫ్రాయిము సంతానమని చెప్పుకుంటారు.

వాళ్ల కథ చాలా దూరంలో మొదలవుతుంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సీరియా సైన్యం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయింది. అలా చెదిరిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం ఒకటి. ఆ గోత్రంవాళ్లు దేశాలు దాటి తెలుగునేల చేరారని, తాము వాళ్ల వారసులమని బెనె ఎఫ్రాయిమ్ నమ్మకం. అస్సీరియా దండయాత్రకు చరిత్రలో ఆధారాలున్నాయి. గుంటూరు దాకా సాగిన ప్రయాణానికి శాసనంగానీ పత్రంగానీ దొరకలేదు. అయితే తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచిన వాడను పాత పత్రాలు చూపించమనడం న్యాయమేనా?

ఎఫ్రాయిము పేరు ఈ పల్లెలకు బైబిలుతో వచ్చింది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరులో అడుగుపెట్టాడు. 1878లో ఒంగోలు ప్రాంతంలో, క్లౌ దొర నడిపిన బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. ఐగుప్తు వెట్టి నుంచి బయటపడ్డ ఇశ్రాయేలు జనం కథ, వెట్టి చేస్తున్న వాడల్లోకి అలా చేరింది.

1980ల చివర్లో ఈ సమాజానికి చెందిన షమూయేలు, సాదోకు యాకోబి సోదరులు ఆ జనం మనమే అన్నారు. పెద్దకూర తినడం, చనిపోయినవాళ్లను పూడ్చడం: ఏ అలవాట్లు చూపి ఊరు మాదిగలను వెలిలో ఉంచిందో, వాటినే పూర్వీకుల ఆచారాలుగా చదివారు. అవమానానికి గుర్తులైనవి వంశానికి గుర్తులయ్యాయి.

ఇలాంటి వెతుకులాట మాదిగలకు కొత్త కాదు. జాంబవంతుణ్ణి మూలపురుషుడిగా చెప్పే జాంబపురాణం వాళ్లకుంది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన దళితులు ‘పంచమ’ పేరు వదిలి ‘ఆది ఆంధ్ర’ పేరు తీసుకోవడమూ ఈ తోవలోదే.

పరిశోధకులు యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఈ సమాజం మీద పుస్తకం వేశారు. కులాన్ని పక్కనపెట్టి ఈ యూదత్వాన్ని అర్థం చేసుకోలేమని అది చదివితే తెలుస్తుంది. ఇలాగే తాము చెదిరిన గోత్రంవాళ్లమని చెప్పుకునే మణిపూర్, మిజోరంలలోని బ్నెయి మెనాషే ప్రజలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. వాళ్లలో వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలేనికి ఆ గుర్తింపు దక్కలేదు.