వారాల భోజనము, వసతి గృహము

“వారాలు చేసికొని చదివినాడు” అను మాట ఒకప్పుడు తెలుగునాట తరచుగా వినవచ్చెడిది. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట. ఇట్లు ఏడు దినములకు ఏడు గృహములు కుదుర్చుకొని పేద విద్యార్థి చదువు సాగించెడివాడు. ఇంగ్లీషు చదువుల కొరకు పల్లెల నుండి రాజమహేంద్రవరము, బందరు వంటి పట్టణములు చేరిన బాలురలో పెక్కుమందికి ఇదియే ఆధారము. చేత కొంత పైకమున్నవారు పూటకూళ్ళ యిండ్లకు పోయెడివారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో అట్టి యిల్లు నడిపియే బిడ్డలను పెంచినది.

వారాల భోజనమును మనము కీర్తించుట కలదు గాని, దాని కష్టము తిన్నవానికే తెలియును. వారమిచ్చిన యింటివారు ఊరికి పోయిన నాడు పస్తే. పైగా ఆ ఆదరణ చాలవరకు కులమును చూచి కలుగునది. ఈ కొరత తీర్చుటకు వసతి గృహములు బయలుదేరినవి. హైదరాబాదులో 1918లో స్థాపింపబడిన రెడ్డి హాస్టలు వానిలో పేరెన్నిక గన్నది.

వేళకు అన్నము దొరకినది, మంచిదే. అయితే అది ఎట్టి అన్నము? దంపుడు బియ్యము త్వరగా ముక్కిపోవును. మరపట్టిన బియ్యము నిలువయుండును. నూరుమందికి వండు వంటశాలకు రెండవదియే అనుకూలము. తెల్లదనము గొప్పయు కదా! తవుడుతో థయామిన్ అను విటమిను పోవును. మిగిలినది కడుగుటలోను, గంజి వార్చుటలోను చాలవరకు హరించును. తమిళదేశమున ఉప్పుడు బియ్యము తినువారికి ఈ నష్టము తక్కువ. వడ్లు ఉడికించునపుడు ఆ సారము గింజలోని కింకును. పచ్చిబియ్యమునే మరపట్టి తిను ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి కాపురముండెను. కాళ్ళు తిమ్మిరెక్కును, నడక తడబడును, గుండె నీరసించును. పరీక్షల ముందు సోలిపోయిన పిల్లవానిని చూచి “అతిగా చదివినాడు” అనుట పెద్దలకు పరిపాటి. వాని విస్తరి వంక చూచినవారు అరుదు.

అట్లు చూచినవాడు మెకారిసన్ దొర. కూనూరు పరిశోధనాలయమున ఆయన ఎలుకలకు ఒక్కొక్క ప్రాంతపు భోజనము పెట్టి పెంచినాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి ఏపుగా పెరిగినవి. మద్రాసు వరియన్నపు భోజనము తిన్నవి గిడసబారినవి. తరువాత ఎక్రాయిడ్ 1937లో మన ఆహారపదార్థముల పోషకవిలువల పట్టికలు వెలువరించినాడు. వానిని చూచినప్పుడు నాకు తోచునది ఒకటి. ఏడు వంటిండ్ల పప్పు, ఆకుకూర, మజ్జిగ రుచి చూచిన వారాల పిల్లవాడు, నీళ్ళచారుతో దినదినము తెల్లయన్నము తిన్న హాస్టలు విద్యార్థికంటె ఒక్కొక్కప్పుడు మెరుగైన భోజనమే చేసియుండును.

కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము దానికి ఇరుగుపొరుగు. వేలకొలది విద్యార్థుల భోజనశాలలు కూతవేటు దూరముననే యున్నవి.