తెలుగు గూఢచారి నవల

దేశ రహస్యాలు, శత్రు ముఠాలు, మారువేషాల చుట్టూ అల్లిన సస్పెన్స్ కథలే గూఢచారి నవలలు. అపరాధ పరిశోధన నవలకు ఇవి తోబుట్టువులు. వేగు, వేగులవాడు అన్న మాటలు తెలుగులో పాతవే. కౌటిల్యుడి అర్థశాస్త్రం సన్యాసిగా, వర్తకుడిగా, భిక్షుకిగా తిరిగే చారుల్ని రకరకాలుగా విడదీసి చెప్పింది. నవలగా మాత్రం గూఢచారి కథ ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిందే.

కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నవలలు పాఠకులకు ఈ రుచి అలవాటు చేశాయి. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. మధుబాబు అసలు పేరు వల్లూరు మధుసూదనరావు. షాడో సి.ఐ.బి. అనే గూఢచార సంస్థ ఏజెంటు, పై అధికారి కులకర్ణి, వెంట శ్రీకర్, గంగారాం లాంటి సహచరులు. నవల తర్వాత నవలలో అదే బృందం కనిపించడంతో పాఠకులకు వాళ్లు ఇంట్లో మనుషులైపోయారు. సిరీస్ బలమంతా ఆ చనువులోనే ఉంది. షాడో ఎలాగూ గెలుస్తాడని తెలిసినా పేజీ తిప్పించేది అదే.

ఈ పుస్తకాలు బస్టాండు బడ్డీల్లో, రైల్వే స్టాళ్లలో దొరికేవి. అంతకన్నా ఎక్కువగా అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారేవి. రోజు దాటితే అద్దె పెరిగేది కాబట్టి ఒక్క రాత్రిలో ముగించాల్సి వచ్చేది. అట్టలు నలిగి, మొదటి పేజీలు ఊడిన ప్రతి చేతికొచ్చినా ఎవరూ వద్దనేవారు కాదు.

సినిమాకూ ఈ గాలి సోకింది. 1966లో కృష్ణ హీరోగా ‘గూఢచారి 116’ వచ్చింది. జేమ్స్ బాండ్ నంబరు 007 అయితే మన గూఢచారిది నూటపదహారు, పెళ్లిలో చదివించే సంఖ్య! పరాయి దేశపు సరుకు ఆ ఒక్క అంకెతో మనదైపోయింది.

హాస్యం విషయంలో పెద్దపీట మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయి’ది. అందులో హీరో గూఢచారి కాదు, ప్రైవేటు డిటెక్టివ్. జంధ్యాల దాన్ని 1986లో చిరంజీవితో సినిమాగా తీశారు.

ఇంగ్లీషులో మిక్ హెరన్ 2010లో ‘స్లో హార్సెస్’తో మొదలుపెట్టిన సిరీస్ మరో దారి పట్టింది. తప్పులు చేసి పక్కకు నెట్టేసిన గూఢచారులు ఒక పాడుబడ్డ ఆఫీసులో ఫైళ్లతో కుస్తీ పడుతుంటారు. నోటిదురుసు బాస్ జాక్సన్ లాంబ్ వాళ్లను ఎంత తిట్టినా, ఆపదొస్తే వదలడు. గవర్నమెంటు ఆఫీసు గుట్టుమట్లు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కథలు ఇట్టే అర్థమవుతాయి. షాడోను చదివి పెరిగిన రచయితలు అలాంటి ఆఫీసునొకదాన్ని హైదరాబాదులో తెరవాలి.