లెక్క రాసుకోవడానికొచ్చారు!

“ఇంటాయన పేరేందమ్మా?” అని గడప ముందు నిలబడి అడిగితే, మా చిత్తూరు వైపు వెనకటి ఇల్లాలు చప్పున చెప్పేది కాదు. కొంగు సర్దుకుని, “కొండమీద సామి పేరే” అనేది. ఇక రాసుకునేవాడి పాట్లు చూడాలి. వెంకటేశ్వర్లా? శ్రీనివాసులా? తిరుమలయ్యా? గోవిందయ్యా? తిరుపతి చుట్టుపక్కల ఆ స్వామి పేరు లేని ఇల్లుంటే కదా! చివరికి పక్కింటి పిల్లాడెవడో అరిచి చెప్పి పుణ్యం కట్టుకోవాలి.

ఇది ఉత్త నవ్వులాట అనుకోకండి. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ఈ ఇల్లాలిని గుర్తు పెట్టుకుంది. ఇంట్లోని ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని ఎవరినీ నిర్బంధించకూడదు. ఆచారం ఒప్పుకోకపోతే భార్య తన భర్త పేరు చెప్పనక్కర్లేదు. శాసనాలు రాసే పెద్దలకి కూడా మన వంటింటి మర్యాద తెలిసిందన్నమాట!

చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణంగా ఉన్న రోజుల్లో, అంటే 1891 ఫిబ్రవరి 26న, ఒక్క రాత్రి లెక్క జరిగింది. ముందుగా ఇళ్లకి నంబర్లు వేసి, వివరాలు రాసి పెట్టుకుని, ఆ రాత్రి మళ్లీ తిరిగి సరిచూసుకునేవారు. ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్క. మద్రాసు రాజధానిలో ఆ పనికి పెద్ద హెరాల్డ్ స్టూవర్ట్. కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌ని తర్వాత సవరించిందీ ఆయనే.

రాయడం ఒక ఎత్తు, రాసింది కూడడం ఒక ఎత్తు. అమెరికాలో 1890లోనే హోలెరిత్ అనే ఆయన అట్టముక్కలకి చిల్లులు పొడిచి, విద్యుత్తుతో లెక్క కట్టించాడు. మనకి ఆ భాగ్యం వెంటనే పట్టలేదు. 1901లో బవేరియా నుంచి తెచ్చుకున్న చీటీల పద్ధతి వచ్చింది. మనిషికొక చీటీ. ఆ చీటీల్ని గుమాస్తాలు గూళ్లలోకి వేరు చేస్తూ కూర్చునేవారు, మనం చేటలో పప్పులో రాళ్లు ఏరుకున్నట్టే. నన్నడిగితే, అది ఆడవాళ్లకి అప్పగించి ఉంటే ఇంకా తొందరగా తెమిలేది!

2001 నాటికి ఫారాల్ని యంత్రమే చూసి, చేతిరాత చదివేసింది. ఆ తర్వాత కాగితమే పోయింది. 2016 జూలై 8న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రజాసాధికార సర్వేలో సిబ్బంది చేతుల్లోకి పలకలు వచ్చాయి, ఇంగ్లీషు వాళ్లు టాబ్లెట్ అంటారే, అవి. వేలిముద్ర వేస్తే ఆధార్ వివరాలు అవే వచ్చేస్తాయి. భర్త పేరు చెప్పే ఇబ్బందీ లేదు! కానీ మొదటి రోజుల్లోనే సర్వర్లు మొరాయించాయి. అంట్లు తోమీ, చెనిక్కాయలు ఒలిచీ అరిగిన వేళ్లని యంత్రం గుర్తుపట్టడం కూడా అంత తేలిక కాదు. అందుకని కంటిపాప చూపించే ఏర్పాటు కూడా పెట్టారు.

పలకలో ఒక సుగుణం ఉంది, ఒప్పుకోవాలి. పన్నెండేళ్ల పిల్లకి ఇరవయ్యేళ్ల కాపురం అని పొరపాటున రాస్తే అక్కడే ఆపి అడిగేలా దాన్ని అమర్చవచ్చు. కాగితం అడగదు కదా. ఆఫీసులో తిరగరాసే పనీ తప్పింది.

అయితే ఆడవాళ్ల విషయంలో పెద్ద మార్పు ఏ యంత్రమూ తేలేదు. “నువ్వేం పని చేస్తావమ్మా?” అంటే “ఏం లేదు, ఇంట్లోనే ఉంటాను” అనడం మనకి అలవాటు. తెల్లారక ముందే ఆవు పాలు పితికి కేంద్రానికి పోసొచ్చినావిడా, మగ్గం వెనక కండెలు చుట్టినావిడా, ఇద్దరూ అదే మాట. గుమాస్తా ‘పని లేదు’ అని రాసుకుపోయేవాడు. 1991 జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నకి నాలుగు మాటలు చేర్చారు, పొలంలో గానీ కుటుంబ వృత్తిలో గానీ కూలి లేకుండా చేసే పనిని కూడా కలుపుకుని చెప్పమని. ఇందుకు యంత్రం కావలసి వచ్చిందా, చెప్పండి?

2019లో దేశమంతా జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంకా ముందుకెళ్లారు. తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా, అరగంటకొకసారి చొప్పున, ఏం చేశావని అడిగారు. జీతంలేని ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లకి అది రోజుకి సగటున 299 నిమిషాలు పట్టిందని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లకైతే 97. ఈ అంకె మా ఇంట్లో పైకి చదివితే పేపరు అడ్డం పెట్టుకున్నారు!

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కరోనాతో ఆగిపోయాయి. ఇప్పుడు 2027 మార్చి 1 నాటి జనాన్ని లెక్కించేలా ఫోన్ల మీదే అంతా సాగాలని ఏర్పాటు. కావాలంటే ఎవరి వివరాలు వాళ్లే నింపుకోవచ్చునట. ఇంట్లో ఫోను సాధారణంగా ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలుసు. ఆయన నింపుతుంటే పక్కన కూర్చుని, మీ పని అన్నచోట ఏం నొక్కుతున్నారో ఒకసారి తొంగి చూడండి.