మోండ్రాగన్: శ్రమ యజమాని అయిన ఊరు

1891లో 13వ లియో పోపు వెలువరించిన ‘రేరుమ్ నోవారుమ్’ అనే విశ్వలేఖ, అంటే పోపు శ్రీసభ అంతటికీ రాసే అధికారిక ఉపదేశం, సొంత ఆస్తి హక్కును సోషలిస్టుల వాదం నుంచి కాపాడుతూనే, పొదుపుగా బతికే కార్మికుడి పోషణకైనా చాలని కూలి అన్యాయమని తేల్చింది. 1931లో 11వ పయస్ పోపు తన ‘క్వాద్రాజేసిమో ఆన్నో’లో ఇంకొక అడుగు వేసి, కూలి ఒప్పందంలో భాగస్వామ్యపు అంశాలు చేర్చి, కార్మికులకు యాజమాన్యంలోనో, నిర్వహణలోనో, లాభంలోనో వాటా కల్పించడం మేలని సూచించారు. ఈ బోధనను పెట్టుబడిదారీ, సోషలిస్టు సిద్ధాంతాల నడుమ రాజీగా చూసే అలవాటు ఉన్నప్పటికీ, దాన్ని ఆచరణకు తెచ్చినవారి చరిత్ర అది రాజీ కాదని చెబుతుంది. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు మోండ్రాగన్ పట్టణం అందుకు బలమైన సాక్ష్యం.

అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1941లో, హోసే మరియా అరిజ్‌మెన్దియారియెతా అనే యువ కతోలిక మతగురువు ఇనుప పనికి పేరుపడిన ఆ పట్టణానికి వచ్చారు. ఫ్రాంకో నియంతృత్వం స్వతంత్ర కార్మిక సంఘాలను నిషేధించిన ఆ కాలంలో బడి పెట్టడానికి మాత్రం వీలుండడంతో, 1943లో ఊరివారి చందాలతో ఆయన సాంకేతిక పాఠశాల తెరిచారు. ఆయన శిష్యులు ఐదుగురు 1956లో తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో ‘ఉల్గోర్’ అనే సంస్థను నెలకొల్పి స్టవ్వుల తయారీ చేపట్టారు. చేరే ప్రతి కార్మికుడూ మూలధనంలో తన వంతు పెట్టాలి, ప్రతి సభ్యుడికీ ఒకే ఓటు ఉండాలి, అత్యధిక వేతనం అత్యల్ప వేతనానికి మూడింతలు మించకూడదు అన్నవి అక్కడ రూపుదిద్దుకున్న నియమాలు. పెట్టుబడి కోసం బయటివారిని ఆశ్రయిస్తే పెత్తనం చేజారుతుందని గ్రహించి 1959లో సొంత బ్యాంకు పెట్టుకున్నారు. వీరు యజమానులే తప్ప కార్మికులు కారంటూ ప్రభుత్వం సామాజిక బీమా నిరాకరించినప్పుడు ఆ ఏర్పాటు కూడా తామే చేసుకున్నారు.

మూలధనం కన్నా శ్రమకే ప్రాధాన్యమని 2వ జాన్ పాల్ పోపు 1981లో ‘లబోరెమ్ ఎక్సెర్చెన్స్’లో ప్రకటించేనాటికి, ఆ సూత్రం మోండ్రాగన్‌లో పాతికేళ్లుగా అమలులో ఉంది, అరిజ్‌మెన్దియారియెతా మాత్రం 1976లోనే మరణించారు. అయితే యాజమాన్యం అందరిదైనంత మాత్రాన అధికారపు చిక్కు తీరలేదు: 1974లో ఉల్గోర్‌లో సమ్మె జరిగినప్పుడు దాన్ని నడిపినవారిని సభ్యత్వం నుంచే తొలగించారు. ఉల్గోర్ వారసురాలైన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసినప్పుడు, బాస్క్ సభ్యులలో చాలామందికి మోండ్రాగన్ సముదాయంలోని సోదర సహకార సంఘాలు పని చూపించాయి. పోలండ్, ఫ్రాన్స్ దేశాల్లోని దాని కర్మాగారాల్లో కేవలం కూలి ఒప్పందం మీద పనిచేసినవారికి ఆ రక్షణ దక్కలేదు.