బండి గట్టిదైతే మనిషి భద్రమేనా?



గద్వాల నుండి గట్టుకు వెళ్ళే దారిలో ఏ టీ దుకాణం ముందు నలుగురు పెద్దలు కూర్చున్నా, పాత కార్ల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక మాట వినబడుతుంది. “అప్పటి అంబాసిడర్ ఇనుప ముద్ద సార్! ఇప్పటి కార్లు ఉత్త డబ్బా రేకులు.” యౌవనంలో నేనూ దీనిని నమ్మినవాడినే. ప్రభుత్వ వైద్యుడిగా ప్రమాద బాధితులను చూడటం మొదలైన తరువాత నా నమ్మకం సడలింది. బండికి పెద్దగా ఏమీ కాలేదని బంధువులు చెప్పేవారు. నడిపిన వ్యక్తికి మాత్రం స్టీరింగు గుద్దుకొని రొమ్ము ఎముక విరిగి ఉండేది.

అంబాసిడర్ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకుందాం. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందూస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర దీని తయారీ ప్రారంభించింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు అది కొనసాగింది. కలెక్టరు వచ్చినా, మంత్రి వచ్చినా ఆ తెల్లని కారే. మన గతుకుల దారులకు అది చక్కగా సరిపోయింది. ఆ గౌరవం దానికి దక్కవలసినదే. అయితే గతుకులను తట్టుకోవడం వేరు, ఢీకొన్నప్పుడు ప్రాణం కాపాడటం వేరు.

ఈ తేడాను 2009లో అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ కళ్ళకు కట్టినట్లు చూపింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవర్లే మాలిబు సెడాన్‌ను గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. భారీగా కనిపించే పాత కారులో డ్రైవరు కూర్చునే భాగమే నలిగిపోయింది. అందులో మనిషి ఉంటే బ్రతికేవాడు కాదని తేల్చారు. కొత్త కారు ముందు భాగం నుజ్జయింది, లోపలి భాగం మాత్రం నిలిచింది. డ్రైవరు కాలికి స్వల్ప గాయంతో బయటపడేవాడని అంచనా వేశారు.

కారణం సులభమే. కారు ఆగినా శరీరం అదే వేగంతో ముందుకు పోతుంది. ఆగే దూరం 10 సెంటీమీటర్ల నుండి 60 సెంటీమీటర్లకు పెరిగితే, శరీరంపై పడే సగటు బలం ఆరో వంతుకు తగ్గుతుంది. నేటి కారు ముందు భాగం నలిగేది ఆ దూరాన్ని ఇవ్వడానికే. రేకు తాను నలిగి మన ఎముకలను కాపాడుతుంది.

అయితే ఈ ఏర్పాటులో మన వంతు ఒకటి ఉంది. అదే సీటు బెల్టు. నేడు మనం వాడే మూడు బిందువుల బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ సంస్థ ఇతర తయారీదారులు కూడా దానిని ఉచితంగా వాడుకోనిచ్చింది. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. బెల్టు లేనివాడికి ఎయిర్‌బ్యాగ్ పూర్తి రక్షణ ఇవ్వదు, పైగా గాయపరచవచ్చు. 2022 సెప్టెంబరులో ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినది ఆధునికమైన ఖరీదైన కారులోనే. వెనుక సీటులో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు.

కనుక గట్టు నుండి గద్వాలకు వెళ్ళినా, ఎర్రవల్లి కూడలి దాటి హైదరాబాదు రహదారి ఎక్కినా, వెనుక కూర్చున్నవారితో సహా అందరూ బెల్టు పెట్టుకోండి. ముందు సీటులో పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోకండి. పాత అంబాసిడర్‌ను ప్రేమగా దాచుకోండి, తప్పు లేదు. ప్రయాణానికి మాత్రం మనిషి కోసం తాను నలిగే బండినే ఎంచుకోండి.