కొబ్బరికాయలో నేల చరిత్ర

కోనసీమలో వైనతేయ నది ఒడ్డున ఉన్న అప్పనపల్లి కొబ్బరితోటల గ్రామం. కాయ మంచిదైతే “నేల మంచిది” అనడం అందరికీ అలవాటు. అయితే నేల గుణం కాయలోనికి ఏ దారిన వస్తుంది?

ఫ్రాన్సు దేశంలోని షాబ్లీలో ద్రాక్షను గురించి ఇదే ప్రశ్న పుట్టినది. అక్కడి సున్నపునేలలో ప్రాచీనమైన ఆల్చిప్పల శిలాజాలు ఉన్నవి. ఆ నేలలో పండే షార్డొనే ద్రాక్షతో చేసిన మద్యానికి ఆ రాతి రుచే వచ్చినదని చాలామంది నమ్మేవారు. కాని వేరు రాతి రుచిని పీల్చదు. నీటిని, అందులో కరిగిన లవణాలను గ్రహిస్తుంది. బోర్డో ప్రాంతపు తోటలను పరిశోధించిన జెరార్ సెగ్వాన్, నేలలోని రసాయనాలకంటె అది మొక్కకు నీరందించే తీరే ముఖ్యమని 1986లో వివరించాడు. ఈ సూత్రంతో అప్పనపల్లి నేలను పరిశీలింపవచ్చును.

ఈ నేలను తెచ్చినది గోదావరి. త్ర్యంబకం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది దక్కను నల్లరాతి మన్నును, తూర్పు కనుమల ఇసుకను మోసుకొని వచ్చినది. వరదనీరు గట్టు దాటగానే వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ఒడ్డునే దిగుతుంది. సన్నని బంకమన్ను దూరపు పల్లాలలో పేరుకొంటుంది. గాజుసీసాలో పిడికెడు తోటమన్ను వేసి, నీరు పోసి, బాగా కుదిపి ఉంచితే విద్యార్థులు ఈ పనిని తరగతిలోనే చూడవచ్చును. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది. బంకమన్ను మరునాటికిగాని తేరదు. మెరకలో కొబ్బరి, పల్లంలో వరి కనిపించడానికి కారణం ఇదే.

మన్ను మాత్రమే చాలదు, మంచినీరు కావాలి. సముద్రం దగ్గర కనుక భూమి లోతున ఉప్పునీరు ఉంటుంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. కాని అప్పనపల్లి వైనతేయకు ఆవల, నగరం దీవిలో ఉన్నది. కాలువ నదిని దాటాలి. అందుకు గన్నవరం వద్ద 49 కమానుల అక్విడక్టు కట్టారు. గోదావరి పాయమీదుగా గోదావరి నీరే పారినది! కాలువలనుండి ఇంకిన మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కనుక దానిపై పొరగా నిలుస్తుంది. కొబ్బరివేళ్ళు త్రాగేది ఆ పొరనే.

కొద్దిపాటి ఉప్పు కొబ్బరికి శత్రువు కాదు. అందులోని క్లోరిన్, పత్రరంధ్రాలు తెరచుకొని మూసుకొనడానికి తోడ్పడుతుంది. ఉప్పు మితిమీరితే మాత్రం వేరు నీటిని లాగలేదు. నీరు నిలిచి గాలి ఆడకపోతే కుళ్ళుతుంది. పూగెల మొవ్వులో అంకురించిననాటినుండి కాయ ముదిరేవరకు సుమారు 44 నెలలు పడుతుంది. కాబట్టి ఒక వేసవి నీటి ఎద్దడి తరువాతి సంవత్సరాల దిగుబడిలో బయటపడుతుంది.

ఈ చరిత్ర ముగియలేదు. ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోతున్నందున డెల్టా తీరం కోతకు గురవుతున్నదని 2004లో వెలువడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధన చూపినది. 2025 నాటికి రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మురుగుకాలువ గుండా సముద్రపు పోటు ఎగదన్ని కొబ్బరితోటలు ఎండిపోయినవి. మన్ను పాతదే, మంచినీటికి, ఉప్పునీటికి నడుమ ఉన్న తూకం తప్పినది. కాలువలో పూడిక తీయడం, మురుగునీటికి దారి ఉంచడం కొబ్బరిరైతుకు ఎరువు వేయడంతో సమానమైన పనులే.