ఒక స్వదేశీ ఓడల కంపెనీ కథ

ఓడ యెక్కువారు చార్జీ చెల్లించుట లోకమున వాడుక. చార్జీ పుచ్చుకొనకపోవుటయే గాక, ఎక్కినవారికి ఒక గొడుగును బహుమానముగా నిచ్చిన కంపెనీ యొకటి మన దక్షిణదేశమున నుండెడిది. అది దానధర్మములకై పుట్టిన సంస్థ కాదు. వ్యాపారమున ఆరితేరిన బ్రిటిషు ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. ఇరువదవ శతాబ్దపు తొలిదశకమున తూత్తుకుడి రేవునుండి సింహళమునకు, అనగా నేటి శ్రీలంకకు, పోవు ప్రయాణికులకు ఆ కంపెనీ ఈ మర్యాద చేసెను. ఒక క్రొత్త కంపెనీని మొలకగా నుండగానే త్రుంచివేయుటకై ఆ గొడుగు పంచబడినది. ఆ క్రొత్త కంపెనీ ఎట్లు పుట్టెను, ఎట్లు నడిచెను, ఎందువలన ఆగిపోయెను అను సంగతులను మేము ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచితిమి.

బ్రిటిషు ఇండియా కంపెనీ తెలుగువారు ఎరుగనిది కాదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి రంగూనునకు వలసపోయిన మన కూలీలను తరలించినది ఆ కంపెనీయే. అంతకు పూర్వము గోదావరీ ముఖమునందలి కోరంగిలో కట్టిన తెరచాప ఓడలు బర్మాకు పోవుచుండెడివి. ఆ రేవు పేరు మీదుగనే బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. ఆవిరి ఓడలు వచ్చిన పిమ్మట తెరచాప వెనుకబడినది. 1856లో కలకత్తా, బర్మా మార్గముతో ఆరంభమై, 1862లో క్రొత్త పేరు దాల్చిన బ్రిటిషు ఇండియా కంపెనీకి ప్రభుత్వపు తపాలా మోయు కంట్రాక్టు లుండెను. ప్రయాణికులు వచ్చినను, రాకున్నను, తపాలా సొమ్ము వచ్చుచుండును. పెక్కు రేవులు, పెక్కు మార్గములు, అండగా నిలుచు ప్రభుత్వము – ఇట్టి బలము గల సంస్థతో పోటీకి దిగిన వాడు తూత్తుకుడిలోని యొక వకీలు.

ఆయన వి. ఓ. చిదంబరం పిళ్ళైగారు. 1872లో ఒట్టపిడారములో జన్మించిరి. వంగదేశ విభజన పిమ్మట 1905లో స్వదేశీ ఉద్యమము దేశమంతట వ్యాపించెను. విదేశీ వస్త్రమును విడుచుట ఒక మార్గమైనచో, విదేశీయుల చేతిలోనున్న వ్యాపారమును మన చేతికి తెచ్చుకొనుట మరియొక మార్గము. తూత్తుకుడి వర్తకమునకు సముద్రమే రహదారి. ఆ రహదారిపై మనవారి ఓడ యొకటియు లేదని పిళ్ళైగారు తలచిరి. 1906 అక్టోబరులో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరు చేయబడెను. మూలధనము 10 లక్షల రూపాయలు. వాటా ఒక్కింటికి 25 రూపాయల చొప్పున 40,000 వాటాలు. మధురలో తమిళ సంఘమును పోషించిన జమీందారు పాండిత్తురై తేవర్‌గారు అధ్యక్షులైరి. హాజీ మహమ్మదు బకీర్ సేఠుగారు ఒక్కరే 8,000 వాటాలు తీసికొని రెండు లక్షల రూపాయలు సమకూర్చిరి. జమీందారులు, వర్తకులు, వకీళ్ళు, హిందువులు, మహమ్మదీయులు కలిసి ఒక కంపెనీకి వాటాదారులగుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. కవి సుబ్రహ్మణ్య భారతిగారు తమ ‘ఇండియా’ పత్రికలో ఈ కంపెనీని బలపరచుచు వ్రాసిరి.

కాగితముపై కంపెనీ ఏర్పడుట సులభము. నీటిపై ఓడ తేలుట కష్టము. మొదట కంపెనీకి సొంత ఓడ లేదు. బొంబాయికి చెందిన ఒక కంపెనీ ఓడలను అద్దెకు తీసికొని నడిపిరి. బ్రిటిషు ఇండియా కంపెనీ ఒత్తిడివలన ఆ ఓడలు కొలదికాలమునకే చేజారినవి. ఇతరుని ఓడపై ఆధారపడిన వ్యాపారము ఇతరుని దయపై ఆధారపడిన వ్యాపారమని అప్పుడు తెలిసివచ్చెను. పిళ్ళైగారు సొంత ఓడకై బొంబాయికి ప్రయాణమైరి. ఓడతో గాని తిరిగిరానని ఆయన శపథము చేసిరని చెప్పుకొందురు. 1907లో ‘గాలియా’, ‘లావో’ అను రెండు ఆవిరి ఓడలు కంపెనీకి సమకూడెను. గాలియా ఓడలో సాధారణ తరగతి ప్రయాణికులు 1,300 మంది, సరుకు 4,000 బస్తాలు పట్టునని ఆనాటివారు లెక్క చెప్పిరి. ఆ ఓడలు రేవు చేరినప్పుడు దక్షిణదేశమున గొప్ప ఉత్సాహము చెలరేగెను.

ఇచ్చటనుండియే అసలు కథ మొదలు. స్వదేశీ ఓడ నడుచుటతోడనే బ్రిటిషు ఇండియా కంపెనీ కొలంబో చార్జీని ఒక్క రూపాయికి తగ్గించెను. స్వదేశీ కంపెనీ ఎనిమిది అణాలకు దిగెను. అప్పుడు అవతలివారు చార్జీయే వలదనిరి. గొడుగు కూడ ఇత్తుమనిరి.

ఈ లెక్కను మనము ఒక్కింత నిదానముగా చూడవలెను. 1,300 మందితో ఓడ నిండిపోయినదనుకొన్నను, తలకు ఎనిమిది అణాల చొప్పున వచ్చునది 650 రూపాయలు. ఓడ నిండకపోయినచో అంతకంటె తక్కువ. బొగ్గు, కెప్టెను మొదలుకొని కళాసులవరకు జీతములు, రేవు సుంకములు, మరమ్మతులు, అన్నియు ఆ సొమ్ములోనుండియే రావలెను. ఓడ కదలినను ఖర్చే, లంగరు వేసి నిలిచినను ఖర్చే. అవతలి కంపెనీకి తూత్తుకుడి, కొలంబోల మార్గము పెక్కింటిలో నొక్కటి. అక్కడ పోయిన సొమ్ము రంగూను మార్గమున రాబట్టుకొనగలదు. కాకినాడ రేవున మన కూలీ చెల్లించిన చార్జీలో కొంత, తూత్తుకుడిలో గొడుగుగా మారినదన్న అతిశయోక్తి కానేరదు. స్వదేశీ కంపెనీకి ఉన్నది ఆ ఒక్క మార్గమే. అచ్చట నష్టము వచ్చినచో పూడ్చుకొనుటకు వేరొక చోటు లేదు.

గొడుగు పుచ్చుకొని పరాయి ఓడ యెక్కినవారిని నిందింపవచ్చునా? తేయాకు తోటలలో కూలికి పోవు పేదవానికి ఎనిమిది అణాలు చిన్న సొమ్ము కాదు. దేశాభిమానము వానికిని కలదు. కాని వాని సంచిలో రూపాయలు లేవు. ‘ఏరు దాటేదాక ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య’ అని మనవారు కొనుగోలుదారును వెక్కిరించుట కలదు. మేము మాత్రము ఆ నింద న్యాయము కాదని తలచుచున్నాము. ఎంత మంచి ఉద్దేశముతో పుట్టిన కంపెనీయైనను, బీదవాని త్యాగముపై బహుకాలము నిలువజాలదు. ఆ త్యాగము వాటాదారులు చేయవలసినది. అదియు ఎన్ని నెలలు చేయవలసియుండునో ముందుగానే లెక్కించుకొని చేయవలసినది.

పోటీ చార్జీతో ఆగలేదు. వైద్య పరీక్షలు, సుంకపు తనిఖీలు తమ ప్రయాణికులపట్ల పక్షపాతముతో జరుగుచున్నవని స్వదేశీవారు మొరపెట్టుకొనిరి. ఇంతలో పిళ్ళైగారు సుబ్రహ్మణ్య శివగారితో కలిసి రాజకీయ సభలలో ప్రసంగించుచు, 1908 ఫిబ్రవరి, మార్చి నెలలలో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు నాయకత్వము వహించిరి. ఆ మిల్లు యజమానులైన హార్వీ సోదరుల సంస్థయే అచ్చట బ్రిటిషు ఇండియా ఓడలకు ఏజెంటు. సమ్మె ఫలించి కార్మికుల కూలి పెరిగెను. కాని నిర్వాహకులలో కొందరికి భయము పట్టుకొనెను. రాజకీయము కంపెనీకి చేటు తెచ్చునని వారి వాదము. స్వదేశీ భావము లేనిదే ఈ కంపెనీకి వాటా కొనువారే లేకుండెడివారని పిళ్ళైగారి పక్షము. రెండు మాటలును నిజమే. ఏ వేడి కంపెనీని పుట్టించెనో ఆ వేడియే దానిని కాల్చజొచ్చెను.

1908 మార్చి 12వ తేదీన పిళ్ళైగారిని నిర్బంధించిరి. మరునాడు తిరునల్వేలిలో అల్లరులు చెలరేగి, కాల్పులలో నలుగురు మరణించిరి. జూలై నెలలో న్యాయాధిపతి పిన్హే రెండు యావజ్జీవ ద్వీపాంతర శిక్షలు విధించెను. అప్పీలులో శిక్ష తగ్గెను. కోయంబత్తూరు, కన్ననూరు చెరసాలలలో ఆయన గడపవలసి వచ్చెను. చెరసాలలో ఎద్దునకు బదులుగా నూనె గానుగను లాగించిరి. ఆయన విడుదలై వచ్చినది 1912 డిసెంబరులో. అప్పటికి కంపెనీ లేదు. 1911లో దానిని మూసివేసి, ఓడలను అమ్మివేసిరి. గాలియా ఓడ పోటీదారుని చేతికే పోయినదని చెప్పుదురు.

ఆయన వకీలు సన్నదు రద్దయి, చెన్నపట్టణములో చిల్లర వ్యాపారముతో కుటుంబమును ఈదవలసి వచ్చెను. పిదప వాలేసు అను ఆంగ్లేయ న్యాయాధిపతి సాయముతో సన్నదు తిరిగి లభించెను. కృతజ్ఞతగా పిళ్ళైగారు తమ కుమారునకు వాలేశ్వరన్ అని పేరిడిరి. ఆంగ్లేయుల కంపెనీతో పోరాడిన ఈ వ్యక్తికి ఆంగ్లేయులపై ద్వేషము లేకుండెనని చెప్పుటకు ఈ ఒక్క సంగతి చాలును. 1936లో ఆయన తూత్తుకుడిలో కన్నుమూసిరి.

ఈ కంపెనీ ఎందువలన నిలువలేదు? ప్రభుత్వపు కక్షయే కారణమని చెప్పి ఊరకుండవచ్చును. అది పెద్ద కారణమే. కాని మిగిలినవి కూడ చెప్పుకొనకున్న చరిత్రవలన మనము నేర్చునది స్వల్పము. ఓడ కొనుటకు ధనము కూడెను. ఓడను నష్టముతో నడుపుటకు ధనము కూడలేదు. మార్గము ఒక్కటే. అన్నింటికి మించి, కంపెనీయు, స్థాపకుడును ఒక్కరే యైరి. ఆయన చెరసాల కేగిన దినముననే కంపెనీ గుండె చెదరెను. ‘ఆరంభశూరులు’ అని మనకొక అపవాదమున్నది. ఇచ్చట లోపించినది శూరత్వము కాదు. ఆరంభమునకు, స్థిరత్వమునకు నడుమనుండు లోతును దాటుటకు చాలిన మూట.

ఈ పాఠము వ్యర్థము కాలేదు. 1919 ఏప్రిల్ 5వ తేదీన సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ అను ఓడ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ మొరార్జీ ప్రభృతులు స్థాపించిన ఆ కంపెనీకి బొంబాయి ధనికుల పెద్ద మూలధనము అండగా నుండెను. వారిపైనను చార్జీల యుద్ధము వచ్చిపడెను. లాయల్టీ ఓడ లాభసాటి కాలేదు. అయినను వారు నష్టములను భరించి, ఒక ఓడపైననే ఆశ పెట్టుకొనక, 1923లో అవతలి పక్షముతో కటువైన నిబంధనలకు కూడ ఒప్పుకొని ఒడంబడిక చేసికొనిరి. కొందరికది తలవంపుగా తోచెను. కాని ఆ తలవంపు వలన కంపెనీ బ్రతికెను.

బ్రతికినందున ఏమి జరిగెనో మన తెలుగువారికి తెలియును. 1941 జూన్ 21వ తేదీన విశాఖపట్టణములో ఆ సింధియా కంపెనీయే ఓడల నిర్మాణ కర్మాగారమునకు పునాది వేయించెను. శంకుస్థాపన చేసినవారు బాబూ రాజేంద్రప్రసాదుగారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి, పని కుంటుపడెను. అయినను 1948 మార్చి 14వ తేదీన ‘జల ఉష’ అను ఓడను పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు అచ్చట నీటిలోనికి విడిచిరి. 1952లో ఆ కర్మాగారము హిందుస్థాన్ షిప్‌యార్డు పేర ప్రభుత్వపు ఆధిపత్యమునకు వచ్చెను. కోరంగిలో వడ్రంగుల సుత్తి చప్పుడు సన్నగిల్లిన పిమ్మట, తెలుగు తీరమున మరల పెద్ద ఓడ పుట్టినది.

ఈ కాలమున చదువుకొన్న యువకులు, యువతులు అంకుర సంస్థలను పేర క్రొత్త కంపెనీలు స్థాపించుచున్నారు. నష్టమునకైనను సరే, ఉచితముగా పంచి పోటీదారుని పడగొట్టు యుక్తి ఇప్పటిదని కొందరు తలచుచున్నారు. అది తూత్తుకుడి గొడుగంత పాతది. ఇంటిలో ఎవరైనను క్రొత్త కంపెనీ పెట్టెదమని ముందుకు వచ్చినచో, మేము పెద్దలకు మనవి చేయునది ఇది: వద్దని వారింపకుడు, మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు. రాబడి లేక ఎన్ని నెలలు నడుపగలవు? ఈ మార్గము మూసికొనిపోయిన వేరొక మార్గమున్నదా? నీవు లేని దినమున తలుపు తీయువారెవ్వరు?

2011లో తూత్తుకుడి రేవునకు చిదంబరనారు పేరు పెట్టిరి. ఆయన కంపెనీ నడిచినది కొలది సంవత్సరములే. ఆ రేవున నేడు వచ్చిపోవు ప్రతి ఓడయు ఆయన పేరుగల గుమ్మము దాటియే పోవలెను.